ఊకదిబ్బ మీద మేఘహంస గుడ్డు

కుంభదత్తుడిని తిట్టకుండా గురవప్ప అన్నం ముద్ద నోట పెట్టి పదకొండేళ్లయింది. మొదటి ముద్దకు "నీ యంత్రం పేలిపోను" అనేవాడు. రెండో ముద్దకు "నీ మంత్రం మట్టిగొట్టుకుపోను" అనేవాడు. మూడో ముద్ద నుంచి మాత్రం నోరు మూసుకుని తినేవాడు. నలభై ఎనిమిదేళ్లు దాటాక కోపంతో తిన్నది ఒంటికి పట్టడం లేదు.

ఆ కుంభదత్తుడు వజ్రకూట రాజ్యానికి ఆస్థాన మాంత్రికుడు. గురవప్ప అదే కోటలో పందొమ్మిదేళ్లు గుడ్లు పొదిగించే ఆవం నడిపినవాడు. ఊక మోసి, ఊక రాజేసి, ఊకలో పడుకుని లేచిన మనిషి. బడి మొహం నాలుగు నెలలు కూడా చూడలేదు గానీ, గుడ్డును కనురెప్పకు ఆనించి వేడి చాలిందో లేదో, లోపల ప్రాణం ఉందో లేదో చెప్పేవాడు. ఏనాడూ తప్పలేదు.

ఆ ఆవం కూడా చూడదగ్గదే. ఏనుగు కుంభస్థలంలా గుండ్రంగా లేచిన మట్టి గుమ్మటం. పాక్కుంటూ తప్ప దూరలేని వాకిలి. లోపల వరసకు నలభై చొప్పున బానలు. బానలో ఒక వరస గుడ్లు, దాని మీద వెచ్చజేసిన వరిఊక మూట, మళ్లీ గుడ్లు, మళ్లీ ఊక. గుమ్మటం నడినెత్తిన ఒకే ఒక్క కన్నం. అందులోంచి దిగే ఎండ ఆ చీకట్లో బంగారు స్తంభంలా నిలబడేది. ఆ వెలుగుకు గుడ్డును పట్టి చూస్తే లోపలి నరాలు సాలెగూటి దారాల్లా ఎర్రగా మెరిసేవి. కోడిగుడ్లకు ఇరవై ఒక్క రోజులు, బాతుగుడ్లకు ఇరవై ఎనిమిది. రోజుకు మూడుసార్లు దొర్లించాలి. బాతుగుడ్ల మీద పైగా గోరువెచ్చని నీళ్లు చిలకరించాలి. పిల్లలు లేచే పొద్దున నాలుగువేల గొంతులు ఒక్కసారిగా కిచకిచమంటే కోటగోడల మీది కావలివాళ్లు కూడా వంగి వినేవాళ్లు.

ఆవం వాళ్లకు ఒక కట్టుబాటుంది. చివరి మూడు రోజులు ఎవరూ నోరు విప్పకూడదు. అప్పటికి గుడ్డు లోపలి పిల్లకు చెవులు తెరుచుకుంటాయి. ఏ గొంతు వింటే దాన్నే అమ్మ అనుకుంటుంది. మనిషి గొంతు విన్న పిల్ల బయటికొచ్చాక పెట్ట వెంట పోదు. మనుషుల కాళ్లల్లో తిరిగి తిరిగి తొక్కుడు పడి చస్తుంది. అందుకని ఆ మూడు రోజులూ పొదిగే పెట్టనొకదాన్ని ఆవంలో కూర్చోబెట్టి, దాని కొక్కొక్కొ తప్ప ఇంకో చప్పుడు లేకుండా చూసేవాళ్లు. గురవప్ప చేతుల మీదుగా లక్షల పిల్లలు లేచాయి. వాటిలో ఒక్కదానికీ అతని గొంతు తెలియదు. అదే పనితనం.

అలాంటి మనిషి ఉండగా కుంభదత్తుడు ఒకనాడు నిండుసభలోకి ఇత్తడి పెట్టను దొర్లించుకొచ్చాడు. రెండు నిలువుల ఎత్తు. కళ్లకు కెంపులు, ముక్కుకు పగడం, తోకకు వెండిరేకులు. కడుపులో ఒక అగ్నిభూతాన్ని బంధించి పెట్టాడు. అది లోపల బుసకొడుతుంటే పెట్ట పొట్ట వెచ్చగా ఉండేది.

"మహాప్రభూ, దీనికి ఊకా వద్దు, ఊక మోసేవాడూ వద్దు. గుడ్డు పెట్టు, మూత వెయ్యి, పిల్లను తియ్యి!" అన్నాడు కుంభదత్తుడు.

"మరి గుడ్లను దొర్లించేదెవరు బాబూ?" అని గురవప్ప వెనక వరసలోంచి అడిగాడు.

"నీ కనురెప్పలు ఇంటికి పట్టుకుపో గురవప్పా. పప్పు ఉడికిందో లేదో చూడ్డానికి పనికొస్తాయి."

సభ విరగబడి నవ్వింది. సింహాసనం మీద ముసలి రాజు కూడా నవ్వాడు. గురవప్ప ఆ సాయంత్రమే పడవెక్కాడు.

కోటకు మూడు రోజుల దూరంలో వెయ్యిపాయల సరస్సు ఉంది. ఒడ్డు ఎక్కడుందో దాని మీద పుట్టి పెరిగిన జాలరులకే తెలియదు. పొద్దున పగడపు రంగు, మధ్యాహ్నం నెమలి మెడ రంగు, మాపటికి కాచిన ఇనుము రంగు. తుంగదుబ్బులు గోడల్లా లేచి, విడిపోయి, మళ్లీ కలుసుకుని వెయ్యి దారులు చేస్తాయి. తామరాకుల మీద నాట్యం చేసే నీటికోళ్లు, ఒంటికాలి మీద తపస్సు చేసే కొంగలు, ఎండు దుంగల్లా పడి ఉండే మొసళ్లు. ఆ లోపలి పాయల్లో మనుషులు మాత్రం అరుదు. ఆ నడుమ మోకాటిలోతు నీళ్లలో గురవప్ప తట్టతో మట్టి మోసి పోసి ఒక దిబ్బ లేపాడు. దాని మీద చిన్న ఆవం కట్టాడు. ఏళ్ల తరబడి పడిన ఊకతో ఆ దిబ్బకు ఊకదిబ్బ అనే పేరు వచ్చింది. పెళ్లాం ఆదెమ్మ రెండేళ్లు ఓర్చుకుంది. "గుడ్ల కోసం మూసిన నోరు నాకోసం తెరవడం మర్చిపోయావు" అని మూడో ఏడు పుట్టింటి పడవ ఎక్కింది. గురవప్ప దానికీ ఏమీ అనలేదు.

ఇక మిగిలింది చండిక. మెడ మీద ఈక లేని నల్ల పెట్ట. ఒళ్లంతా పొగరు. ఏడాదిలో ఎనిమిది నెలలు పొదగడానికే కూర్చునేది. గుడ్లు లేకపోతే గులకరాళ్ల మీద, అవీ లేకపోతే గురవప్ప చెప్పుల మీద. అతను మాట్లాడేదంతా ఆ పెట్టతోనే.

అలాంటి ఊకదిబ్బకు పదకొండో ఏట ఒక మిట్టమధ్యాహ్నం మూడొందల బాతులు ఈదుకుంటూ వచ్చాయి. వాటి వెనక తాటిమాను తొలిచి చేసిన డొంకపడవ మీద ఒక బాతులమ్మి వచ్చింది. తలకు గళ్ల గుడ్డ, చేతిలో పొడుగాటి వెదురుకర్ర, మొహాన బురద.

"మామా, ఒక గుడ్డుంది. పొదిగి పెడతావా?"

"ముందు నువ్వెవరో చెప్పు. బాతుల కాపరివి మాత్రం కాదు."

"ఎట్లా చెప్పగలవ్?"

"బాతుల వెనక తిరిగేవాళ్లకి మడమలు నెర్రెలు తీసిన చెరువులా ఉంటాయి. నీ మడమలు వెన్నముద్దల్లా ఉన్నాయి."

ఆ పిల్ల నవ్వి తలగుడ్డ విప్పింది. గురవప్ప గుర్తుపట్టాడు. వజ్రకూట రాకుమారి హేమలేఖ! చిన్నప్పుడు ఆవం దగ్గరికొచ్చి కోడిపిల్లను చెక్కిలికి ఆనించుకుని వెళ్లిన పిల్ల.

ఆమె తట్టలోంచి కంబళి మూట తీసి విప్పింది. లోపల గుమ్మడికాయంత గుడ్డు. నిండు వర్షాకాలపు ఆకాశం రంగు, దాని మీద మెరుపుతీగల్లా తెల్లని గీతలు.

"నాన్నగారు పోయి నాలుగు నెలలైంది" అందామె. "మా వంశపు ఆచారం నీకు తెలుసుగా. మేఘహంస ఎవరిని మోసుకొచ్చి పట్టాభిషేక శిల మీద దించితే రాజ్యం వాళ్లది. మా భాండాగారంలో మూడు గుడ్లున్నాయి. కుంభదత్తుడు రెండింటిని ఇత్తడి పెట్టలో పెట్టాడు."

"దొర్లించాడా?"

"లేదు."

"ఉడికిపోయుంటాయి" అన్నాడు గురవప్ప. పదకొండేళ్లలో ఏ కబురూ అతనికి అంత సంతోషం ఇవ్వలేదు. అంతలోనే లోపల చచ్చిపోయిన రెండు పిల్లలు గుర్తొచ్చి ఆ సంతోషం ఇగిరిపోయింది.

"ఇది మూడోది. ఆఖరుది. నేను ఎత్తుకొచ్చాను. వాడి సైనికులు నా వెనకే ఉన్నారు. నేను బాతుల్ని తోలుకుని వాళ్లను ఉత్తరపు పాయల్లో తిప్పుతాను. నువ్వు దీన్ని పొదుగు. ఒడిలో పెట్టుకున్న నాలుగు రోజులూ నా ఒంటి వెచ్చదనం సరిపోయింది. ఇక ముప్పై ఆరు రోజులు. పిల్ల లేచాక అది నీ మాట వినాలి మామా. నీ మాట వింటే నేను దాని మీద ఎక్కగలను. కుంభదత్తుడి మాట వింటే రాజ్యం పోతుంది, నా తలా పోతుంది."

"మీరు దిగులు పడకండి అమ్మాయిగారూ" అన్నాడు గురవప్ప.

వెళ్తూ వెళ్తూ ఆమె ఒక్క సంగతి చెప్పింది. మేఘహంస పిల్ల సరస్సు నీళ్లు తాగిన కొద్దీ పెరుగుతుందట. గుక్కకు ఒక మూర.

అప్పట్నుంచి గురవప్ప నిద్ర మర్చిపోయాడు. అడుగున వెచ్చని ఊక పోసి, దాని మీద కంబళి పరిచి, దాని మీద గుడ్డు పెట్టాడు. చండికను తెచ్చి పైన కూర్చోబెట్టాడు. కొండ మీద కోటలా కూర్చుందది. రెక్కలు ఎంత చాచినా గుడ్డులో నాలుగో వంతు కూడా కప్పలేకపోయింది. అయినా దిగలేదు. కింద గురవప్ప ఊక, పైన చండిక పొట్ట. అతను ఇంత పెద్ద గుడ్డును రోజుకు మూడుసార్లు రెండు చేతులతో దొర్లించేవాడు. పెట్ట ఆ దొర్లుడు మీద తనూ అడుగులేసుకుంటూ పైనే ఉండేది.

"నీకేం బరువే చండీ" అనేవాడు. "నీకు పొదగడం, నాకు పొదిగించడం. మనిద్దరికీ ఇంకో పనొచ్చిందా ఎప్పుడైనా? ఆదెమ్మ అన్నది నిజమేనంటావా? నువ్వూ అదే అంటావులే. ఆడోళ్లంతా ఒకటే."

హేమలేఖ ఒడిలోని నాలుగు రోజులూ కలుపుకుని ముప్పై ఏడో రోజు పొద్దున గుడ్డును కనురెప్పకు ఆనించాడు. లోపల పిల్ల తల తిప్పింది. ఇక దొర్లించకూడదు. చెవులు తెరుచుకున్నాయి.

గురవప్ప నోరు మూసుకున్నాడు.

అదే రోజు మధ్యాహ్నం మూడు పడవలు తుంగను చీల్చుకుంటూ వచ్చాయి. పన్నెండుమంది సైనికులు, ముందు మెలితిప్పిన మీసాలతో ఒక దళవాయి.

"ఒరేయ్, ఇక్కడికి ఒక బాతులమ్మి వచ్చిందా?"

గురవప్ప నోటి మీద వేలేసి, చెయ్యి అడ్డంగా ఊపాడు.

"మూగోడురా వీడు" అన్నాడొక సైనికుడు.

"మూగోడా, మొండోడా?" అంటూ దళవాయి ఆవంలోకి పాక్కుంటూ వెళ్లాడు. లోపల బానలు, ఊక మూటలు. మధ్యలో కంబళి కుప్ప మీద ఒక నల్లపెట్ట. దాని కింద ఏదో నీలంగా మెరిసింది. దళవాయి చెయ్యి చాచాడు. చండిక మెడ సాగదీసి బొటనవేలి గోటి మొదట్లో ఒక్కటే పొడిచింది. దళవాయి వెనక్కి జరిగి గుమ్మటానికి తల కొట్టుకుని, పొగ మింగి, దగ్గుతూ పాక్కుంటూ బయటపడ్డాడు.

"ఏముంది దళవాయిగారూ లోపల?"

"ఏముంటుందిరా! ఒక దయ్యప్పెట్ట, దాని కింద ఒక మురిగిన గుమ్మడికాయ. పదండి, ఈ కంపులో ఇంకొక్క క్షణం ఉన్నానంటే చచ్చిపోతాను."

పడవలు ఉత్తరానికి తిరిగాయి. గురవప్ప గుండెల మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. నవ్వు వచ్చింది. చప్పుడు కాకుండా నవ్వాడు. ముప్పై ఎనిమిదో రోజూ మాట్లాడలేదు. ముప్పై తొమ్మిదో రోజు దిబ్బ చివర నీళ్లలోకి కాలు పెట్టబోతే దుంగ అనుకున్నది నోరు తెరిచింది. కేక వెయ్యకుండానే వెనక్కి దూకాడు. మొసలి దవడలు గాలిని కొరికాయి. ఆ కేక కూడా మింగేశాడు గురవప్ప. ముప్పై ఏళ్ల అలవాటు.

నలభయ్యో రోజు ఎండ ఎక్కేవేళకు గుడ్డు లోపలి నుంచి సన్నని కూత వినబడింది. చండిక మెడ వంచింది. "కొక్కొక్కొ" అంది. లోపలి నుంచి బదులొచ్చింది. పెట్ట మళ్లీ పిలిచింది. పిల్ల మళ్లీ పలికింది. ఇద్దరి మధ్యా చాలా రోజుల పరిచయం ఉన్నట్టు, ఆగిన కబుర్లు అందుకున్నట్టు.

గురవప్ప చేతిలోని నీళ్ల చెంబు జారి పడింది.

'అది నీ మాట వినాలి మామా.' మూడు రోజులు! ఆ గుడ్డుతో రాత్రింబవళ్లు మాట్లాడవలసిన మూడు రోజులు ఒక్క పలుకు లేకుండా కూర్చున్నాడు. లక్షల పిల్లలకు చేసినట్టే దీనికీ చేశాడు. చేతులు వాటంతట అవే పని చేసుకుపోయాయి, నోరు దానంతట అదే మూసుకుపోయింది.

"ఓ... ఓయ్" అన్నాడు గుడ్డు దగ్గరకు వంగి. గొంతు తుప్పు పట్టిన గొలుసులా గీరుకుంది. "ఓయ్, నేనే. గురవప్పని. వినబడుతోందా?"

లోపల నిశ్శబ్దం. చండిక కొక్కొక్కొ అంది. పిల్ల వెంటనే పలికింది.

"గుడ్లు కొంటాం! బాతుగుడ్లు, కోడిగుడ్లు!"

బయటి నుంచి కేక. గురవప్ప ఆవంలోంచి పాక్కుంటూ వచ్చి చూశాడు. డొంకపడవలో గుడ్ల బేరగాడొకడు. నెరిసిన గడ్డం, భుజాన జల్లెడ, నడుముకు సంచి. దిగి నేరుగా దిబ్బ ఎక్కి, తట్టలోని బాతుగుడ్డు ఒకటి తీశాడు. చెవి దగ్గర పెట్టుకుని గడగడా ఊపాడు.

గుడ్ల మీద బతికేవాడు ప్రాణం పోయినా గుడ్డును ఊపడు. రెండు గుడ్లను మెల్లగా తాటించి మోత వింటాడు, లేదా ఎండకు పట్టి చూస్తాడు.

"కుంభదత్తా" అన్నాడు.

బేరగాడు నవ్వాడు. గడ్డం రాలి నీళ్లలో పడి పాములై పారిపోయింది. సంచి బంగారు దండమైంది. జల్లెడ కిరీటమైంది.

"పదకొండేళ్లయినా గుర్తుపట్టావే! పెట్ట పొదిగే గుమ్మడికాయ కబురు దళవాయి నోట విని వచ్చాను. పప్పు ఉడికిందా?"

గురవప్ప అక్కడున్న కవ్వపుకర్ర అందుకున్నాడు. మాంత్రికుడు దండం తిప్పాడు. దిబ్బ చుట్టూ ఉన్న తుంగ లేచి, పాకి, తాళ్లలా పేనుకుని గురవప్ప కాళ్లూ చేతులూ కట్టి పడేసింది. లోపల గుడ్డు టపటపమని పగులుతోంది. కుంభదత్తుడు ఆవంలోకి పాకి, కంబళితో సహా గుడ్డును బయటికి లాగి, ఎండలో పెట్టాడు. చండిక దాని మీదనుంచి ఎగిరి పక్కకు దూకి రెక్కలు కొట్టుకుంది. మాంత్రికుడు గుడ్డు ముందు మోకాళ్ల మీద కూర్చుని కిరీటం సర్దుకున్నాడు.

"మొదట చూసిన మొహమే అమ్మ మొహం గురవప్పా. ఆ మాత్రం శాస్త్రం నాకూ తెలుసు."

పెంకు పక్కకు పడింది. లోపలి నుంచి మేకపిల్లంత పక్షిపిల్ల, తడిసిన వెండి నూగు, పాలరంగు ముక్కు, మంచునీళ్లలాంటి కళ్లు.

"రా నాయనా, రా! నేనే మీ అమ్మను" అని కుంభదత్తుడు చేతులు చాచాడు.

పిల్ల అతన్ని చూసింది. తల పక్కకు వంచి గురవప్పను చూసింది. మంచునీళ్లలాంటి ఆ కళ్లు అతని మీద నిలిచి, ఏదో వెతికి, ఏమీ దొరక్క తిరిగిపోయాయి.

"కొక్కొక్కొ" అంది చండిక.

పిల్ల ఒక్క గంతు వేసి పెట్ట దగ్గరకు ఉరికింది. రెక్క కింద తల దూర్చింది. పెట్ట కాళ్లు నేల విడిచాయి. పిల్ల నెత్తి మీద టోపీలా కూర్చుని చండిక అటూ ఇటూ గర్వంగా చూసింది.

కట్టుతాళ్లలో పడి ఉన్న గురవప్ప పకపకా నవ్వాడు. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. "శాస్త్రం, శాస్త్రం! ముందు చెవులురా వెర్రిబాగులోడా, తర్వాత కళ్లు! మూడు రోజుల నుంచీ దానితో మాట్లాడింది ఆ పెట్ట!"

అనేశాక తెలిసింది ఏం అన్నాడో.

కుంభదత్తుడి మొహం విప్పారింది. "అదా సంగతి" అని పెట్టను రెండు కాళ్లు పట్టి తలకిందులుగా ఎత్తి, పడవలోకి దూకాడు. పెట్ట అరిచింది. పిల్ల ఏడుస్తూ వెనకే నీళ్లలోకి పరిగెత్తింది. ఒక గుక్క తాగింది, దూడంత అయింది. రెండో గుక్కకు గిత్త అంత. పడవ పాయల్లోకి దూసుకుపోయింది. రెక్కలొస్తున్న మేఘహంస తెల్లని తెరచాపలా ఆ వెనకే ఈదుతూ పోయింది.

గురవప్ప దొర్లాడు. ఆవం పక్కన ఊక రాజుకుంటున్న గుంట ఉంది. కళ్లు మూసుకుని అందులోకి దొర్లాడు. వీపు కాలింది, మోచేతులు కాలాయి, తుంగతాళ్లు చిటపటమని తెగాయి. లేచి చూస్తే పడవ లేదు. ఖాళీ బాన ఒకటి నీళ్లలోకి తోసి, అందులో కూలబడి, చేటతో తెడ్డు వేశాడు. బాన గిర్రున తిరిగింది. తిట్టాడు. మళ్లీ తిరిగింది. మూడో తిట్టుకు దారిలో పడింది. ఎడమవైపు మొసలి లేచింది. చేటతో ముక్కు మీద బాది, కుడివైపు తోశాడు. ముందు తుంగగోడ విడిపోయింది.

అక్కడ కనబడింది. మేఘహంస ఇప్పుడు నాలుగు ఏనుగులంత. దాని వీపు మీద కుంభదత్తుడు, చేతిలో తలకిందులుగా పెట్ట. పెట్టను ఎటు తిప్పితే పక్షి అటు తిరుగుతోంది. రెక్కలు విప్పింది. సరస్సు సగానికి నీడ పడింది. ఇంకొక్క విదిలింపుకు గాల్లోకి లేచేలా ఉంది.

గురవప్ప బానలో లేచి నిలబడ్డాడు. మూడు రోజులు మూసిన నోరు, ఆదెమ్మ దగ్గర మూసిన నోరు, నిండుసభలో మూసిన నోరు తెరిచాడు.

"బ్బో! బ్బో బ్బో బ్బో! చండీ! నూకలే చండీ! బ్బో బ్బో!"

చండిక మెడ ఎత్తింది. మేఘహంస పిల్లకు ఆ గొంతు తెలియదు గానీ, నూకలు తిన్న పెట్టకు తెలుసు. ఒళ్లు మెలితిప్పి, కుంభదత్తుడి ముక్కు కొసన పొడిచి, పట్టు జారగానే ఈకలు రాలేలా రెక్కలు కొట్టి, గాల్లో పల్టీలు కొడుతూ వచ్చి బానలో గురవప్ప పొట్ట మీద పడింది. మేఘహంస ఒక్క మలుపు తిరిగింది. ఆ మలుపులో మాంత్రికుడు విసిరిన రాయిలా ఎగిరి నీళ్లలో పడ్డాడు.

"మామా!"

హేమలేఖ! తుంగచాటు నుంచి పడవ తోసుకుంటూ వస్తోంది. వెనక బాతులు లేవు. దళవాయి పడవలు ఉన్నాయి.

నీళ్లలోంచి కుంభదత్తుడు తల ఎత్తాడు. ముక్కు నుంచి నెత్తురు కారుతోంది. దండం ఎత్తి సరస్సు అడుగున గుచ్చాడు. అడుగున ఎక్కడో ఏళ్ల తరబడి మూసి ఉన్న పాతాళపు తూము తెరుచుకున్నట్టు నీళ్లు ఉబికాయి. నల్లని అల తాటిచెట్టు ఎత్తున లేచింది. దళవాయి పడవలు చిప్పల్లా తిరగబడ్డాయి. గురవప్ప బాన నుంచి దూకి మేఘహంస రెక్క పట్టుకున్నాడు, ఇంకో చేత్తో హేమలేఖ చెయ్యి పట్టి లాగాడు. చండిక తనంతట తనే ఎగిరి పక్షి మెడ మొదట్లో కూర్చుంది.

మేఘహంస లేచింది. నీళ్లు జారాయి, గాలి గర్జించింది, తుంగదుబ్బులు గడ్డిపోచలయ్యాయి. కింద దాని ఎడమకాలు పట్టుకుని బంగారు దండం పళ్ల మధ్య బిగించి వేలాడుతున్నాడు కుంభదత్తుడు.

"పడమరకు తిప్పు మామా! కోట పడమర!"

"నా మాట వినదమ్మాయిగారూ."

"అదేంటి?"

"చివరి మూడు రోజులు నోరు మూసుకున్నాను. ఆవం అలవాటు. తప్పు నాదే." గాలికి కళ్లు మూసుకుపోతున్నాయి. "చండిక ఎటు చూస్తే ఇది అటు పోతుంది."

హేమలేఖ పక్షి మెడ మీది పెట్ట వంక చూసింది. "చండిక నీ మాట వింటుందిగా?"

"నూకలు చేతిలో ఉంటేనండి."

చండిక మెడ సాచి తూర్పుకు చూస్తోంది. ఆ తూర్పున, ఏ పడవా దాటని ఇనపకొండల అవతల, ఎలుగుబంట్లను ఏలే భల్లూకరాజు జొన్నచేలు బంగారంలా పండి ఉన్నాయి. మేఘహంస అటే తిరిగింది. కింద కాలి నుంచి మాంత్రికుడు ఒక్కో ఈకా పట్టుకుని పైకి పాకుతున్నాడు. హేమలేఖ కత్తి దూసింది.

గురవప్ప ముందుకు వంగి పక్షి మెడ మీద చెయ్యి వేశాడు. "ఓయ్" అన్నాడు మెల్లగా. అది తల తిప్పలేదు. చండిక కొక్కొక్కొ అంది. మేఘం ఉరిమినట్టు పక్షి బదులు పలికింది.

అప్పుడు కిందికి చూశాడు గురవప్ప. సరస్సు నడుమ పాలపొంగులా నీళ్లు. ఆవం గుమ్మటం నడినెత్తి కన్నం ఒక బుడగ వదిలి కనుమరుగైంది. పదకొండేళ్లు తట్టలతో మోసి పోసిన మట్టి, మెరక పదకొండు కుంటలు, పల్లం రెండు కుంటలు, వెరసి పదమూడు కుంటల నేల నీళ్లపాలైంది.